ఒహాయో స్టేట్‌ని, మిషిగన్‌ని ఓడించాలంటే: ఏ వ్యూహం ఎంచుకోవాలి, ఏది వదులుకోవాలి?

థాంక్స్‌గివింగ్ వెళ్లిన శనివారం మధ్యాహ్నం మిషిగన్ (ఆన్ ఆర్బర్), ఒహాయో స్టేట్ (కొలంబస్) యూనివర్సిటీల అమెరికన్ ఫుట్‌బాల్ మ్యాచ్ అయిపోగానే డెట్రాయిట్ చుట్టుపక్కల తెలుగిళ్లలోనూ, కొలంబస్ పక్కన డబ్లిన్‌లోనూ ఒకటే వాదన మొదలవుతుంది: ఏం మారిస్తే వచ్చే ఏడు గెలుస్తాం? పిల్లలు ఆన్ ఆర్బర్‌లోనో కొలంబస్‌లోనో చదువుతుంటే అమ్మానాన్నలు కూడా ఏదో ఒక పక్షం చేరక తప్పదు. ఆ వాదనలో వినిపించే సలహా సాధారణంగా "ఇంకాస్త దూకుడుగా ఆడాల్సింది" అన్న దగ్గరే ఆగిపోతుంది. కోచ్‌కి ఆ సలహా ఎందుకూ పనికిరాదు. ఆయన ముందు రెండు మంచి పనులు ఉంటాయి, ఒకటి చేస్తే రెండోది చేయలేడు. ఏది వదులుకోవాలో తేల్చుకోవడమే ఆయన పని.

అందుకే ఇక్కడ ఒక్కో ఎంపికనీ ఈ రెండు జట్లు 2018 నుంచి ఆడిన మ్యాచ్‌ల పక్కన పెట్టి చూస్తాను. నేను మిషిగన్ వైపు మనిషిని, దాచేదేం లేదు. అయినా ఈ పోటీలో అవతలి వాళ్ల దగ్గర నేర్చుకోవాల్సింది కూడా బోలెడుంది.

ఈ ఆట కొత్తవాళ్ల కోసం రెండు ముక్కలు. ఒక్కో వైపు 11 మంది. బంతి ఉన్న జట్టుకి 10 యార్డులు ముందుకెళ్లడానికి నాలుగు అవకాశాలు, వాటినే డౌన్‌లు అంటారు. బంతి పట్టుకుని పరిగెడితే రన్, విసిరితే పాస్. విసిరేవాడు క్వార్టర్‌బ్యాక్, అందుకునేవాడు రిసీవర్. బంతిని అవతలి చివరి గీత దాటిస్తే టచ్‌డౌన్, గోల్ స్తంభాల మధ్యకి తంతే ఫీల్డ్ గోల్, దానికి మూడు పాయింట్లు. మిగతావి సందర్భం వచ్చినప్పుడు చెప్తాను.

మ్యాన్ డిఫెన్సా, జోన్ డిఫెన్సా?

అన్నిటికన్నా పెద్ద ఎంపిక ఇదే, కాబట్టి దీని దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగాలి.

మ్యాన్ అంటే ఒక్కో డిఫెండర్ ఒక్కో రిసీవర్ వెంట పడడం. జోన్ అంటే ఒక్కో డిఫెండర్ కొంత జాగా కాపలా కాయడం, అందులోకి ఎవరొస్తే వాళ్లని చూసుకోవడం. మ్యాన్ నేర్పడం తేలిక, చూడ్డానికి గట్టిగా కనిపిస్తుంది, బలహీనమైన జట్లని చిత్తుచిత్తు చేస్తుంది. 2018లో మిషిగన్ డిఫెన్స్ కోఆర్డినేటర్ డాన్ బ్రౌన్ నమ్ముకున్నది దాన్నే. ఆ ఏడు కొలంబస్ వెళ్లేదాకా అది దేశంలో మేటి డిఫెన్స్‌లలో ఒకటి. అక్కడ ఒహాయో స్టేట్ చేసిన పని చాలా చిన్నది. ఇద్దరు రిసీవర్లని ఎదురెదురుగా, బంతి పెట్టిన గీతకి కొంచెం అవతల, ఒకరినొకరు దాదాపు రాసుకుంటూ అడ్డంగా పరిగెత్తించింది. వెంటపడుతున్న డిఫెండర్లు ఒకరికొకరు అడ్డం పడ్డారు. వేగంలో ఒక్క అడుగు వెనకబడిన డిఫెండర్ ఇక అందుకోలేడు. క్వార్టర్‌బ్యాక్ డ్వేన్ హాస్కిన్స్ 396 యార్డులు, 6 టచ్‌డౌన్ పాస్‌లు వేశాడు. స్కోరు 62–39. మరుసటేడు సొంత మైదానంలోనూ 56–27తో మిషిగన్ ఓడింది. ఆసారి దెబ్బ కొట్టింది రన్: జె.కె. డాబిన్స్ 211 యార్డులు పరిగెత్తి 4 టచ్‌డౌన్‌లు చేశాడు.

2020లో కోవిడ్ వల్ల ఈ మ్యాచ్ జరగలేదు. మిషిగన్ ఆ సీజన్‌ని 2 గెలుపులు, 4 ఓటములతో ముగించింది. అప్పుడు హెడ్ కోచ్ జిమ్ హార్బా ముందు రెండు దారులున్నాయి: బ్రౌన్ పద్ధతినే ఇంకా మంచి ఆటగాళ్లతో నడిపించడం, లేదా పద్ధతినే మార్చేయడం. ఆయన రెండోది ఎంచుకుని ప్రొఫెషనల్ జట్టు బాల్టిమోర్ రేవెన్స్ నుంచి మైక్ మెక్‌డొనాల్డ్‌ని తెచ్చుకున్నాడు. ఇప్పుడు సియాటిల్ సీహాక్స్ హెడ్ కోచ్ ఆయనే. మెక్‌డొనాల్డ్ డిఫెన్స్ బంతి కదిలేముందు ఒకలా నిలబడి, కదిలాక ఇంకోలా మారుతుంది. క్వార్టర్‌బ్యాక్ చూసింది ఒకటి, ఎదురయ్యేది ఇంకొకటి.

ఫలితం చాలామంది అనుకున్నట్టు లేదు. 2021లో ఒహాయో స్టేట్ క్వార్టర్‌బ్యాక్ సి.జె. స్ట్రౌడ్ 394 యార్డులు విసిరాడు. అంటే 2018లో హాస్కిన్స్‌ విసిరినంత. కానీ స్కోరు 42–27, గెలిచింది మిషిగన్. జోన్‌లో యార్డులు పోతాయి. ఒకేసారి 60 యార్డులు పోవు, అంతే తేడా. ప్రత్యర్థి ప్రతిసారీ పది, పన్నెండు ఆటలు తప్పు లేకుండా ఆడాలి. ఎక్కడో ఒక చోట పెనాల్టీ పడుతుంది, సాక్ (విసిరేలోపే క్వార్టర్‌బ్యాక్‌ని పడగొట్టడం) పడుతుంది, బంతి జారుతుంది. 2012 నుంచి ఒక్కసారి కూడా గెలవని జట్టుకి అది చాలు.

మరి ఏది ఎంచుకోవాలి? ప్రత్యర్థి రిసీవర్ల వేగం ముందు మన కార్నర్‌బ్యాక్‌లు (అంచుల్లో రిసీవర్లని కాసే డిఫెండర్లు) నిలబడలేకపోతే జోన్, అనుమానం అక్కర్లేదు. నిలబడగలిగే వాడు ఒకడున్నా మ్యాన్‌ని కొన్ని సందర్భాలకి దాచుకోవచ్చు. 2023లో మిషిగన్‌కి విల్ జాన్సన్ అలాంటివాడు. మార్విన్ హారిసన్ జూనియర్ కోసం వేసిన పాస్‌ని మొదటి క్వార్టర్‌లోనే లాక్కుని ఒహాయో స్టేట్ గోల్ దగ్గరిదాకా తెచ్చాడు.

ఇక్కడ ఒక హెచ్చరిక. ప్రొఫెషనల్ స్థాయి డిఫెన్స్‌ని కాలేజీకి తెచ్చేటప్పుడు నిబంధన ఒకటి అడ్డొస్తుంది: సీజన్‌లో కాలేజీ ఆటగాడు వారానికి 20 గంటలకి మించి జట్టు పనిలో ఉండకూడదు. మిగతా సమయం క్లాసులకీ పరీక్షలకీ. నవంబర్ చివరి వారంలో కొత్త జోన్ నేర్పుదామంటే కుదరదు. మార్పు వసంతకాలపు ప్రాక్టీస్‌లోనే మొదలుకావాలి, లేదా దాని జోలికే వెళ్లకూడదు.

బ్లిట్జ్ చేయాలా, నలుగురితోనే ఒత్తిడి తేవాలా?

బ్లిట్జ్ అంటే క్వార్టర్‌బ్యాక్ మీదికి మామూలు నలుగురికి మించి మనుషుల్ని పంపడం. ఇందులో నా అభిప్రాయం ముందే చెప్పేస్తా: నలుగురితో పని జరుగుతుంటే ఐదో మనిషిని పంపొద్దు. 2021లో ఏడన్ హచిన్సన్ ఒక్కడే స్ట్రౌడ్‌ని మూడుసార్లు పడగొట్టాడు. ముందు నలుగురే క్వార్టర్‌బ్యాక్‌ని కంగారు పెడుతుంటే వెనక ఏడుగురు మిగులుతారు. జోన్ పనిచేసేది అప్పుడే. మెక్‌డొనాల్డ్ మార్పు ఫలించడానికి సగం కారణం హచిన్సన్, అతనికి తోడుగా రెండో వైపు డేవిడ్ ఒజాబో. ఈ సంగతి మరిచిపోయి "జోన్‌కి మారగానే గెలిచారు" అంటే లెక్క తప్పుతుంది.

నలుగురితో ఒత్తిడి రాకపోతే? అప్పుడు బ్లిట్జ్ తప్పదు, కానీ దాని ధర ఎంతో 2022 చూపించింది. 2021 ఓటమికి విరుగుడుగా ఒహాయో స్టేట్ కోచ్ రయాన్ డే ఓక్లహోమా స్టేట్ నుంచి జిమ్ నోల్స్‌ని డిఫెన్స్ కోఆర్డినేటర్‌గా తెచ్చుకున్నాడు. ఆయనకి అప్పగించిన పని మిషిగన్ రన్ ఆపడం. మొదటి సగంలో ఆ పని బ్రహ్మాండంగా చేశాడు. మిషిగన్ ప్రధాన రన్నర్ బ్లేక్ కోరం మోకాలి గాయంతో రెండుసార్లే బంతి పట్టాడు. రన్ ఆట కదలనే లేదు. విరామానికి ఒహాయో స్టేట్ 20–17తో ముందుంది.

కానీ రన్ ఆపడానికి మనుషుల్ని ముందుకి తెచ్చిపెడితే వెనక సేఫ్టీ (అందరికన్నా వెనక కాపలా ఉండే డిఫెండర్) ఉండడు. కొర్నీలియస్ జాన్సన్ 69 యార్డుల టచ్‌డౌన్ నిజానికి చిన్న పాసే. ఒక్క ట్యాకిల్ (పట్టుకుని పడగొట్టడం) తప్పింది, వెనక ఆపేవాడు లేడు. తర్వాత అతనే 75 యార్డులది ఇంకోటి చేశాడు. రెండో సగం స్కోరు చూడండి: మిషిగన్ 28, ఒహాయో స్టేట్ 3. చివరి క్వార్టర్‌లో డొనోవన్ ఎడ్వర్డ్స్, చేతికి కట్టుతోనే, 75, 85 యార్డుల పరుగులు తీశాడు. మొత్తం 45–23.

నోల్స్ తెలివి తక్కువవాడు కాదు. పోయినేడాది తగిలిన దెబ్బకి సరిగ్గా సరిపోయే మందు తెచ్చాడు. అయితే మిషిగన్ కూడా ఆ మందు వస్తుందని ముందే ఊహించి, దానికి ఏం చేయాలో సిద్ధం చేసుకుంది. ప్రత్యర్థి మీద గెలిచిన ఏడాది తర్వాత ఎంపిక మరీ కష్టం: గెలిపించిన పనినే మళ్లీ చేయాలా, దాన్ని ఆపడానికి వాళ్లు చేసేదాన్ని కొట్టాలా? నా ఓటు రెండోదానికి. మొదటిదాన్ని ఎరగా చూపిస్తూనే.

రన్ ఎక్కువా, పాస్ ఎక్కువా? గడియారం సంగతి

"మన దగ్గర గొప్ప రిసీవర్లు ఉంటే పాస్, గొప్ప ముందు వరుస ఉంటే రన్." ఈ మాట నిజమే, కానీ సగమే. మిగతా సగం ఎవరు బలవంతులు అన్నది.

2024లో మిషిగన్ బలహీనమైన జట్టు. ముందేడు దేశ ఛాంపియన్‌ అయిన జట్టులోంచి చాలామంది ఆటగాళ్లు, కోచ్ కూడా వెళ్లిపోయారు. క్వార్టర్‌బ్యాక్ డేవిస్ వారెన్ ఆ మ్యాచ్‌లో విసిరింది 62 యార్డులు, రెండు ఇంటర్‌సెప్షన్లు (పాస్ ప్రత్యర్థి చేతికి చిక్కడం) కూడా ఇచ్చాడు. మంచి ఆటగాళ్లు విల్ జాన్సన్, కోల్‌స్టన్ లవ్‌లాండ్ ఇద్దరూ ఆడలేదు. పందెం లెక్కల్లో మిషిగన్ దాదాపు 20 పాయింట్ల తేడాతో ఓడాలి. గెలిచింది 13–10తో.

ఎలా? కలెల్ మల్లింగ్స్‌కి 32 సార్లు బంతి ఇచ్చారు, 116 యార్డులు వచ్చాయి. అంటే సగటున నాలుగు యార్డులు కూడా లేవు. చూస్తుంటే నిద్రొస్తుంది. కానీ రన్ ఆడితే గడియారం ఆగదు, ప్రత్యర్థికి బంతి దొరికే సార్లు తగ్గుతాయి. వాన పడి మ్యాచ్‌ని ఎనిమిది ఓవర్లకి కుదిస్తే చిన్న జట్టుకి ఆశ పుడుతుంది కదా, ఇదీ అంతే. అవకాశాలు తక్కువైతే బలవంతుడి ఆధిక్యం బయటపడే సమయం ఉండదు, ఒకటి రెండు పొరపాట్లే ఫలితాన్ని తేల్చేస్తాయి. ఒహాయో స్టేట్ 40 యార్డుల లోపు రెండు ఫీల్డ్ గోల్స్ మిస్ చేసింది. మిషిగన్ కిక్కర్ డొమినిక్ జ్వాడా 54 యార్డులది కొట్టాడు. చివర్లో మూడో డౌన్ మీద మల్లింగ్స్ 27 యార్డులు పరిగెత్తాక గెలుపు కిక్ కూడా అతనిదే.

ఇప్పుడు అవతలి బెంచ్ వైపు నుంచి చూడండి, అసలు పాఠం అక్కడుంది. జెరెమయా స్మిత్, ఎమెకా ఎగ్బుకా, కార్నెల్ టేట్ లాంటి రిసీవర్లున్న ఒహాయో స్టేట్ ఆ రోజు 26 సార్లు రన్ ఆడి 77 యార్డులు తెచ్చుకుంది. అదీ ఎక్కడ? మిషిగన్‌లో మేటి ఆటగాళ్లైన మేసన్ గ్రాహం, కెన్నెత్ గ్రాంట్ నిలబడే నడిమధ్యలో. మూడేళ్లుగా "మీది మెత్తటి జట్టు" అని వినీ వినీ, ఈసారి మేమూ గట్టివాళ్లమే అని తొడకొట్టడానికి వెళ్లినట్టుంది. ప్రత్యర్థి మీద కోపంతో ఎంచుకున్న వ్యూహం చివరికి ప్రత్యర్థికే పనికొచ్చింది.

అదే జట్టు, అవే ఆటగాళ్లు, మూడు వారాల తర్వాత ప్లేఆఫ్‌లో స్మిత్‌కి బంతి విసరడం మొదలుపెట్టారు. టెనెసీ మీద 42–17. రోజ్ బౌల్‌లో ఒరెగాన్ మీద 41–21, స్మిత్ ఒక్కడికే 187 యార్డులు. తర్వాత టెక్సాస్ మీద 28–14, ఫైనల్లో నోటర్ డేమ్ మీద 34–23. దేశ ఛాంపియన్లు. కొత్తగా ఏదీ కనిపెట్టలేదు, తమ దగ్గర ఉన్న మంచి సరుకు వాడారు.

కాబట్టి బలహీనులైతే రన్, నెమ్మది, తక్కువ ఆటలు. బలవంతులైతే ఆటని పొడిగించండి, మీ మేటి ఆటగాడి చేతికి తొందరగా బంతి చేర్చండి. సమానమైతే 2022లో మిషిగన్ చేసినట్టు అవతల మనుషులు ఎక్కడ గుమిగూడారో లెక్కపెట్టి, ఖాళీ ఉన్న వైపు వెళ్లండి.

నాలుగో డౌన్: ముందుకా, కిక్కా?

టీవీ ముందు కూర్చున్నవాళ్లు ఎక్కువగా కొట్టుకునేది దీని మీదే. నాలుగో డౌన్‌లో కూడా ఆడి 10 యార్డులు పూర్తి చేయలేకపోతే బంతి అవతలి జట్టుకి పోతుంది, అందుకే చాలాసార్లు కిక్ చేస్తారు. ఎంపిక మాత్రం మిగతావాటి కన్నా తేలిక. 2023లో మిషిగన్ మూడుసార్లు నాలుగో డౌన్ ఆడింది, మూడుసార్లూ సాధించింది. హార్బా సస్పెన్షన్‌లో ఉంటే ఆ రోజు జట్టుని నడిపింది షెరోన్ మూర్. అదే మ్యాచ్‌లో మొదటి సగం చివర ఒహాయో స్టేట్ నాలుగో డౌన్ ఆడకుండా గడియారం నడవనిచ్చి 52 యార్డుల ఫీల్డ్ గోల్‌కి వెళ్లింది, మిస్ అయింది. మ్యాచ్ పోయింది 30–24తో, అంటే ఆరు పాయింట్లతో.

కావాల్సింది రెండు యార్డుల లోపు, బంతి అవతలి సగంలో ఉంటే ఆడాలి. మన కిక్కర్ జ్వాడా లాంటివాడైతే, మన అటాక్ 2024 మిషిగన్ లాంటిదైతే కిక్కే మేలు. గొప్ప ప్రత్యర్థి మీద మూడేసి పాయింట్లు చాలవని అంటారు గానీ, పది పాయింట్లకే ఆపగల డిఫెన్స్ ఉంటే చాలతాయి.

సిగ్నల్స్

సైడ్‌లైన్ నుంచి చేతులతో, బొమ్మల బోర్డులతో ఆట చెప్పడం ఒక పద్ధతి. 2024 నుంచి పెద్ద కాలేజీ జట్లకి ఒక్కో వైపు ఒక ఆటగాడి హెల్మెట్‌లో రేడియో పెట్టుకునే వీలొచ్చింది. ప్లే క్లాక్‌లో (ఆట మొదలుపెట్టడానికి ఉన్న గడువు చూపే గడియారం) 15 సెకన్లు మిగలగానే, లేదా బంతి కదలగానే అది ఆగిపోతుంది. రేడియో ఉంటే అదే వాడాలి, ఇందులో పోలికేం లేదు. ప్రత్యర్థి సిగ్నల్స్‌ని దొంగచాటుగా చూసే సంగతి అంటారా, ముందు ఆడబోయే జట్టు మ్యాచ్‌కి మనిషిని పంపి చూడడం నిషేధం. ఆ వివాదంలోనే 2023 చివరి మూడు లీగ్ మ్యాచ్‌లకి ఈ రెండు జట్లూ ఆడే లీగ్ బిగ్ టెన్, హార్బాని పక్కన పెట్టింది. ఒహాయో స్టేట్ అభిమానులు 2021, 2022 గెలుపుల్ని ఇప్పటికీ ఆ కళ్లతోనే చూస్తారు. వాళ్లతో ఈ విషయం మీద వాదన పెట్టుకోవడం కన్నా భోజనానికి పిలవడం మంచిది.

ఏడాదంతా తయారీనా, ఆ వారం ప్రత్యేక ప్లానా?

ప్రత్యేక ప్లాన్‌కి ఆకర్షణ ఎక్కువ. ఒక ట్రిక్ ప్లే పడితే ఇరవై ఏళ్లు చెప్పుకుంటారు. కానీ ఈ పోటీలో ఏళ్ల తరబడి పనిచేసింది రోజూ చేసిన పనే. హార్బా 2021లో 'బీట్ ఒహాయో' అని పేరు పెట్టి ప్రాక్టీస్‌లో ఒక భాగం నడిపాడు: పాస్ లేకుండా, మధ్యలో గుద్దుకుంటూ రన్ ఆడడం, రన్ ఆపడం. అప్పటికి ముందు మ్యాచ్‌లో డాబిన్స్ చేతిలో 211 యార్డులు తిన్న జట్టు, 2021లో ఒహాయో స్టేట్ మొత్తం రన్‌ని 64 యార్డులకి కట్టడి చేసింది. తను మాత్రం 297 పరిగెత్తింది. మిషిగన్ రన్నర్ హసన్ హాస్కిన్స్ (2018 నాటి డ్వేన్ కాదు) ఒక్కడే 5 టచ్‌డౌన్‌లు.

ఇది పాత విద్యే. 1968లో మిషిగన్ 50–14తో ఓడింది. మరుసటేడు కొత్తగా వచ్చిన కోచ్ బో షెంబెక్లర్, ఒహాయో స్టేట్‌లా ఆడే ప్రాక్టీస్ జట్టు ఒంటి మీద 50 అంకె వేయించాడు. ఆ ఏడు 24–12తో గెలిచారు. అంకె చూసి రోషం వచ్చి గెలిచారని కథ చెప్తారు. రోషం మాట ఎలా ఉన్నా, ఆ రోజు మిషిగన్ డిఫెండర్ బ్యారీ పియర్సన్ మూడు పాస్‌లు లాక్కున్నాడు, అది రోషంతో రాదు.

2025లో ఒహాయో స్టేట్ ఎట్టకేలకి 27–9తో గెలిచింది. కొత్త డిఫెన్స్ కోఆర్డినేటర్ మ్యాట్ పట్రీషియా జట్టు మిషిగన్‌ని ఒక్క టచ్‌డౌన్ కూడా చేయనివ్వలేదు. క్వార్టర్‌బ్యాక్ జూలియన్ సేయిన్ మూడు టచ్‌డౌన్ పాస్‌లు వేశాడు. 2024లా మొండిగా నడిమధ్యలో గుద్దుకోకుండా రిసీవర్లని వాడుకుంటూ, దానికి తోడుగా రన్ ఆడారు. మిషిగన్ మనిషిగా చూడ్డానికి బాధే, వ్యూహంగా మాత్రం వేలెత్తి చూపడానికి పెద్దగా ఏమీ లేదు.

విరామంలో ఒక్కటే మార్చాలంటే

కాలేజీ మ్యాచ్‌లో విరామం 20 నిమిషాలు. నడిచి వెళ్లడం, నీళ్లు, కట్లు, మళ్లీ బయటికి రావడం తీసేస్తే మాట్లాడడానికి మిగిలేది అందులో కొంతే. నాలుగు మార్పులు చెప్తే పిల్లలు ఒక్కటీ గుర్తుపెట్టుకోరు. కాబట్టి ఒకటే ఎంచుకోవాలంటే వరస ఇది. ముందు, మనం రన్ ఆడినప్పుడు అవతల ముందు వరుస దగ్గర ఎంతమంది నిలబడుతున్నారో చూడాలి. ఎనిమిది మంది ఉంటే రెండో సగం మొదటి ఆటే లోతైన పాస్ కావాలి. ఆరుగురే ఉంటే పాస్ మానేసి పరిగెత్తాలి. ఏడుగురుంటే అటాక్ వైపు ఏమీ మార్చకుండా, ఆ నిమిషాలన్నీ డిఫెన్స్‌కి ఇచ్చి, మొదటి సగంలో మనల్ని రెండుసార్లు కొట్టిన ఆట ఒక్కదాన్నే బోర్డు మీద గీసి చూపించాలి.